గడపరాయి

మా మామగారు నీళ్ళ మనిషి.
కొండ కడుపులోంచి ఖర్జూర తోటల దాకా
నేల కిందే నీటికి దారి తవ్వే ఖెత్తారాల పనివాడు.
చీకట్లో మోకాళ్ళ మీద పాకుతూ
పిడికెడు మట్టి తీసి, వాసన చూసి
“ఇంకో పది బారలు” అనేవాడట.
అనేవాడట అంటున్నాను.
నేను తఫిలాల్త్‌కు కోడలిగా వచ్చేసరికే
ఖర్జూరాలు తలలు ఎండి నిలబడి ఉన్నాయి.

ఆయన కొడుకు ఇద్దర్ కూడా పాకుతాడు.
అదే గునపం, అదే బుట్ట, అదే దగ్గు.
కాకపోతే పళ్ళ కోసం.

మా కొండకు పైన తెల్లటి సున్నపురాయి.
“అది సముద్రం” అంటాడు ఇద్దర్
పక్కింటివాళ్ళ సంగతి చెప్పినంత తేలిగ్గా.
దాని కింద పాచిరంగు బంకమన్ను, మధ్యమధ్య తళుకులు:
వద్దామా వద్దా అని సముద్రం వెనకాడిన రోజులు.
అడుగంతా ఎర్ర ఇసుకరాయి.
అది నది.
మా రొట్టె అక్కడుంది.

అక్కడా అంతటా లేదు. ఒక్క జానెడు పొరలో.
ఏ వరదో కొంగున మూటగట్టుకొచ్చి
గులకరాళ్ళూ పళ్ళూ పొలుసులూ కలిపి విప్పేసిన చోట.
కాస్త పైకి పోతే ఉత్త ఇసుక,
కాస్త కిందికి పోతే ఉత్త మన్ను.
నది వంపు తిరిగితే సొరంగమూ తిరగాలి.
ఎప్పుడో చచ్చిన నది
ఇంకా మా ఆయన్ని తన వెంట తిప్పుకుంటోంది.

బుట్ట పైకొచ్చాక పని నాది.
ఎముకో రాయో తేలకపోతే నాలిక మీద పెడతాను.
రాయి జారిపోతుంది.
ఎముక అంటుకుంటుంది, వదలనంటుంది.
ఇద్దరు పిల్లలకు పాలు మాన్పించినదాన్ని,
ఆ పట్టు నాకు తెలుసు.

విరిగిన మొనకు వేరే జంతువు మొదలు అతికి
జిగురులో ఎర్ర ఇసుక కలిపి అతుకు మీద పూస్తాను.
ఒకే రేవులో నీళ్ళు తాగినవి,
ఒకదాన్నొకటి తిన్నవేనేమో కూడా,
నా చేతిలో ఒక్క పన్నైతే తప్పేం?
ఎర్ఫూద్ వర్తకుడు మోహాకు తెలుసు.
అతనికి తెలుసని నాకు తెలుసు.
టీలో ఇంకో చక్కెరగడ్డ వేస్తాను.

పోయిన చలికాలం సొరంగం కప్పు దిగింది.
కంత దగ్గర కూర్చున్నాను, బుట్టతాడు చేతికి చుట్టుకుని.
రెండుసార్లు లాగితే బతికున్నట్టు.
తాడు కదిలింది. చాలాసేపటికి మళ్ళీ కదిలింది.
అది రెండో లాగుడో, కొత్తగా మొదటిదో
ఎవర్నడగను?

చీకటి పడ్డాక వచ్చాడు, కనురెప్పల దాకా ఎర్రగా,
చంకలో ఓ రాతిపలక.
“పళ్ళేవి?” అన్నాను.
ఇంకేం అడగడానికీ నోరు రాలేదు.

పలక మీద అలలు.
వేలెడెడంగా వరసలు,
ఒక పక్క వాలుగా, ఒక పక్క నిటారుగా.
నీళ్ళు ఉత్తరానికి పోయాయన్నాడు వేలితో తడుముతూ.
ఊడిపడిన పెళ్ళకు ఇదే అడుగట.
దీని మీద చెయ్యి పెట్టుకునే
ఆ మధ్యాహ్నమంతా పడుకున్నాడట.

మోహా తిప్పి చూసి కింద పెట్టేశాడు.
“అలలెవరు కొంటారు ఇత్తో?”

గడప ముందు పరిచాం.
పిల్లలు దాని మీద చెప్పులు దులుపుకుంటారు.

మొన్న వాన పడింది, రెండేళ్ళకు,
పట్టుమని పది నిమిషాలు.
పలక గాళ్ళలో నీళ్ళు నిలిచాయి
వరసకో దారంలా.
గాడిద పలుపు తెంపుకొచ్చి
ఆ చివర నుంచి ఈ చివరకు
నదినంతా నాకేసింది.

ఇద్దర్ దగ్గు తెరలోంచి నవ్వాడు.
“మా నాన్న చూసుంటే” అన్నాడు.
చూసుంటే ఏమయ్యేదో అనలేదు.
గాడిద మూతి తుడిచి,
గునపం భుజాన వేసుకున్నాడు.